చేపలకి చోటు లేని సముద్రం

ముందే చెప్పేస్తాను, నేను ఆటలాడను. ఆటలు కడతాను. ఈ రెంటికీ తేడా మా పేటలో ఒక్కరికీ ఎక్కలేదు. "సూర్యకళకి ముప్పై ఐదేళ్లొచ్చాయి, ఇంకా సందేళయితే టీవీ ముందు కూకుని బొమ్మలాటలాడతాదేటి?" అని కుళాయి దగ్గర మా అమ్మని అడుగుతారు. మా అమ్మ పేరు ముసలమ్మ. వాళ్లతో పెద్ద పోట్లాట పెట్టుకుని వస్తుంది. వచ్చి అదే మాట నన్ను అడుగుతుంది.

నా ఉద్యోగం రొయ్యల కంపెనీలో. పొద్దున్న కంపెనీ బస్సెక్కితే గాజువాక దాటేలోపు ఓ కునుకు అయిపోతుంది. ఆ తర్వాత ఎనిమిది గంటలు ఐసు నీళ్ల బల్ల ముందు నిలబడి పెద్ద రొయ్యలు ఇటు, చిన్న రొయ్యలు అటు. చేతులకి గ్లవ్స్ ఇస్తారు, కాళ్లకి బూట్లు ఇస్తారు. చలి వాటి లోపలే కాపురం ఉంటుంది. ఇంటికొచ్చాక అరగంట దాకా ఈ వేళ్లు నావేనా అని అనుమానం. ఆదివారం సెలవు. ఆదివారం మాత్రం నేను ఎవరికీ ఇవ్వను. పెళ్లిళ్లకి వెళ్లను, పలకరింపులకి వెళ్లను. పొద్దెక్కేదాకా కాళ్లు తలగడ మీద చాపుకుని పడుకుంటాను. దీని గురించి మా చుట్టాలందరికీ నా మీద కోపం. ఉండనీ.

ప్లేస్టేషన్ మా తమ్ముడు గణేష్‌ది. కంచరపాలెంలో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు, మూడు నెలలు ఆడాడు, విసుగెత్తి అటక మీదకి ఎక్కించాడు. దాంతో వచ్చిన డిస్కుల్లో ఒకటి లెవెల్స్ కట్టుకునే ఆట. నేల, నీళ్లు, చక్రాలు, దీపాలు అన్నీ అందులోనే ఉంటాయి. వాటితో మన ఆట మనం కట్టుకుని నెట్లో పెడితే, ఏ దేశం వాడైనా వచ్చి ఆడిపోతాడు. మొదట మా కంపెనీ బల్లనే కట్టాను. రొయ్యలు వస్తుంటాయి, సైజు చూసి పక్కకి నెట్టాలి, తప్పు నెడితే సూపర్‌వైజర్ ఈల వేస్తాడు. నలభై మంది ఆడారు. డబ్బులిస్తే తప్ప నేను చేయని పనిని వాళ్లు ఊరికే చేసి, బాగుందని రాశారు. లోకం మీద నాకున్న గౌరవం ఆ రోజు కొంచెం తగ్గింది.

తర్వాత పెద్దదానికి దిగాను. సముద్రానికే దిగాను.

ఆ ఆటలో తెరకి ఎడమ పక్కన ఓ సన్నటి గొట్టం కనిపిస్తుంది, జ్వరం చూసే గొట్టంలాగ. ఏ వస్తువు పెట్టినా ఎరుపు కాస్త పైకెక్కుతుంది. నిండిపోయిందంటే ఇక గులకరాయి కూడా పెట్టనివ్వదు. నీళ్లకే సగం ఎక్కేసింది. అలలు కదలాలంటే ఇంకో పావు. తెప్ప, మోటారు, కొండలు అయ్యేసరికి చేపలకి చోటు లేదు. ఒడ్డు పొడుగునా ఉన్న మేడలు, హోటళ్లు అన్నీ పీకేశాను. సముద్రం మీద ఉన్నవాడికి మేడలతో ఏం పని అనుకున్నాను. అంత చేస్తే ఆరు చేపలకి జాగా దొరికింది.

"అంత సముద్రానికి ఆరు సేపలేటే అక్కా?" అని నవ్వాడు గణేష్.

"నిజం దాన్లో మాత్రం ఎన్నున్నాయిరా?" అన్నాను.

ఇక ఆట సంగతి. తెప్ప నడుపుకుంటూ వెళ్లి నీళ్ల అడుగున ఉన్న రాయిని కనుక్కోవాలి. చేపలు చేరేది రాయి దగ్గరే. పైనుంచి చూస్తే అంతా ఒకే నీరు, అందుకని వెనక్కి తిరిగి గట్టు వైపు చూడాలి. దక్షిణాన రెండు గురుతులు ఒకదాని మీద ఒకటి రావాలి, ఉత్తరాన ఇంకో రెండు ఒకదాని కిందకి ఒకటి రావాలి. రెండు జతలూ ఒకేసారి కుదిరిన చోట తాడుకి కట్టిన ఇనప గుండు దించాలి. రాయి ఉంటే టక్కుమంటుంది. లేకపోతే గుండుకి బురద అంటుకుని పైకొస్తుంది. మా వాళ్లు ఈ పని తాతల నాటి నుంచీ చేస్తున్నదే. నేను కనిపెట్టిందేమీ లేదు.

మా అయ్య పేరు దాలయ్య. అరవై ఆరేళ్లు. చిన్న ఫైబర్ తెప్ప, వెనక మోటారు, గేలం వేట. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో అన్నం ఉడికింది ఓ రాయి పుణ్యమే. ఒడ్డుకి గంటన్నర దూరంలో ఉంటుందట. మా తాత కనిపెట్టి అయ్యకి చూపించాడు. అయ్యకీ, ఆయన తోడు వెళ్లే వీరన్నకీ తప్ప ఆ చోటు ఎవరికీ తెలియదు. వీరన్న పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి అయ్య ఒక్కడే వెళ్తున్నాడు.

గణేష్‌కి కూడా చెప్పలేదు. గణేష్ అయ్య తెప్ప వదిలేసి హార్బర్లో పెద్ద బోటు మీదకి వెళ్లాడు. అక్కడ ఏ మంచి చోటు తగిలినా ఫోనులో నొక్కి పెట్టుకుంటారు, ఒకరి ఫోనులోంచి ఇంకొకరి ఫోనులోకి పంపుకుంటారు. "ఆడికి సెప్తే హార్బరు గోడ మీద రాసినట్టే" అంటాడు అయ్య. పైగా మాలో ఓ పట్టింపు ఉంది. గురుతు గట్టు మీద చెప్పకూడదు. కొడుక్కి చెప్పాలన్నా తెప్ప ఎక్కించుకుని, ఆ చోటికి తీసుకెళ్లి, నీటి మీదే వేలుతో చూపించాలి. ఆడవాళ్లు తెప్ప ఎక్కరు, కాబట్టి వాళ్లకి చెప్పే మాటే లేదు. నాకు పదేళ్లప్పుడు ఓసారి అడిగితే, "నీకెందుకే" అన్నాడు. ఆయనకి అది గుర్తు కూడా ఉండదు. నాకు పాతికేళ్లుగా గుర్తుంది.

ఓ సాయంత్రం నేను కొండలు సర్దుతుంటే అయ్య చాప మీంచి చూస్తున్నాడు.

"మన సముద్రమేనేటే అది?"

"అలగే అనుకో."

"కాదు. ఎనక కొండ తప్పు. దానికి నడుం కాడ పల్లముండాల."

పల్లం పెట్టాను. లేచొచ్చి టీవీకి మూరెడు దూరంలో కూర్చున్నాడు. ఇంకాస్త లోతు అన్నాడు, లోతు చేశాను. మర్నాడు నేను చెప్పులు విప్పకముందే చాప అక్కడికి చేరింది. అలా పదిహేను రోజులు. నా జన్మలో మా అయ్య నా పక్కన అన్ని గంటలు కూర్చోలేదు. అంత ముందుకొచ్చి కూర్చుంటుంటే, ఆట మీద అంత ఇష్టం పుట్టిందని మురిసిపోయాను.

అప్పటికే ఆయన వేట దెబ్బతిని ఏడాదయింది. బుట్ట అడుక్కి నాలుగు చిల్లర చేపలు తెచ్చేవాడు. అడిగితే నీరు బాలేదనేవాడు, ఓడలెక్కువైపోయాయనేవాడు. నేను మళ్లీ అడిగేదాన్ని కాదు. రోజంతా నిలబడొచ్చిన మనిషికి ఒక ప్రశ్న మీద ఇంకో ప్రశ్న వేసే ఓపిక ఉండదు. సాకు అనుకుంటే అనుకోండి.

ఓ రోజు ఉన్నట్టుండి, "రాయేదీ?" అన్నాడు. చూపించాను.

"ఆ బురదలో రాయెవడు పెడతాడే?" అని ఓసారి గుమ్మం వైపు చూశాడు. అమ్మ బయట బట్టలు తీస్తోంది. గొంతు తగ్గించాడు. "లైట్ హౌసు ఆ ఎనక కొండ పల్లంలో కూకోవాల. ఇటు మన అమ్మోరి గుడి కైలాసగిరి మొన కిందకి రావాల. రెండూ ఒక్కపాలి కుదిరితే అప్పుడు గుండు దించాల."

నేను ఆయన వైపు తిరిగాను. "అయ్యా, గట్టు మీద సెప్తన్నావు."

"గట్టేటి? సుట్టూ నీరే గదే" అన్నాడు తెర వైపు చెయ్యి చూపించి.

నవ్వాను గానీ, నాకు ఏడుపొచ్చింది. పాతికేళ్ల నాటి 'నీకెందుకే' ఆ సాయంత్రం పోయింది. రాయిని ఆయన చెప్పిన చోటే పెట్టాను. ఆరు చేపల్నీ దాని చుట్టూ వదిలాను. గొట్టం నిండా ఎరుపు. అలాగే నెట్లో పెట్టేశాను.

పదకొండు మంది ఆడారు. ఒకడు "చాలా మెల్లగా ఉంది, ఏమీ జరగదు" అని రాశాడు. ఇంకొకడిది బ్రెజిల్‌ట, వాడికి రాయి దొరికింది, గుండె బొమ్మ పెట్టాడు. బ్రెజిల్ వాడు తెప్పేసుకుని మా రాయి మీదకి రాడులే అని నవ్వుకున్నాను. నా తెలివికి అంతకంటే ముందుకి చూడ్డం చేతకాలేదు.

మా ఇంట్లోనే ఉన్నాడుగా గణేష్. పెద్ద బోటు రిపేరుకెక్కి పది రోజులుగా వాడికి పని లేదు. ఓ సాయంత్రం నేనొచ్చేసరికి టీవీలో నా సముద్రం ఆడుతోంది, తెప్ప రాయి మీద ఆగి ఉంది. వాడు ఫోనుతో తెరని ఫొటో తీస్తున్నాడు.

"అక్కా, ఈ గురుతులు నీకెవడు సెప్పాడే?"

"ఎవడూ సెప్పలేదు. నానే కట్టాను."

"నీకు అబద్ధమాడ్డం రాదే" అని బయటికి వెళ్లిపోయాడు.

రెండో రోజు పొద్దున్నే వాడి స్నేహితుడు కోటి తెప్ప మీద ఇద్దరూ వెళ్లారని అమ్మ చెప్పింది. ఆ రోజు బల్ల ముందు నేను చేసిన పని ఏదీ సరిగా లేదు. పెద్ద రొయ్యలు చిన్నవాటిలో పడ్డాయి, సూపర్‌వైజర్ తిట్టాడు, ఆ తిట్లు కూడా నాకు వినపడలేదు. మా తాత కనిపెట్టిన రాయి. అయ్య కొడుక్కి కూడా చెప్పకుండా దాచుకున్న రాయి. దాన్ని నేను తీసుకెళ్లి టీవీలో పెట్టాను. ఏమీ దొరక్కుండా రావాలి, ఏమీ దొరక్కుండా రావాలి అని సొంత తమ్ముడి గురించి రోజంతా మొక్కుకున్నాను.

బస్సు దిగి ఒడ్డుకి పరిగెత్తాను. కోటి తెప్ప చుట్టూ జనం. తెప్ప నిండా బొంత చేపలు, ఒక్కొక్కటీ మోచేతంత. రాళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండని చేపలు. గణేష్ నన్ను చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. అయ్య జనం మధ్యలో ఒంగి ఓ చేపని ఎత్తాడు. దాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకుని, వేళ్లతో ముట్టె తడిమి, మెల్లగా కింద పెట్టి ఇంటికి నడిచాడు.

నేను వెనకే వెళ్లి, గుమ్మంలోనే చెప్పేశాను. ఎన్ని తిట్లు తిట్టినా పడదామనుకున్నాను.

"గణేష్ నా ఆట సూసి ఎల్లాడయ్యా. నీ రాయి నానే పోగొట్టాను."

అయ్య తిట్టలేదు. అసలు కోపమే రాలేదు. "ఆడికి ఇంకెక్కడో దొరికుంటాయిలే. నా రాయి మీద ఏటీ నేదే" అన్నాడు.

"అంటే?"

"అది సచ్చిపోనాది. ఏడాదయింది. గురుతు మీదకే ఎల్తన్నాను, గుండు దించుతున్నాను, బురదే వొస్తంది. ఏ తుపానులోనో బురద కప్పేసుంటాది." తువ్వాలు విదిలించి భుజాన వేసుకున్నాడు. "లేకపోతే గట్టు మీద నీకెందుకు సెప్తానే? సచ్చిపోయింది గదా, నీ ఆటలోనైనా ఉంటాదని సెప్పాను."

నన్ను నమ్మి చెప్పాడనుకున్నాను. చచ్చినదాన్ని దాచమని నా చేతికిచ్చాడు. కష్టంగానే అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఆ కష్టం కంటే ముందు ఇంకోటి తగిలింది. నా గురుతులు చూసి వెళ్లిన గణేష్‌కి రాయి దొరికింది. అవే గురుతులు ముప్పై ఏళ్లుగా తెలిసిన అయ్యకి దొరకడం లేదు. ఆ రాయికేమీ కాలేదు.

అన్నం కూడా తినకుండా టీవీ పెట్టాను. గణేష్ తన బోటు మీంచి ఈ మధ్య తీసిన ఫొటోలు నా ఫోనులో ఉన్నాయి, కొండలు వాటిని చూసే కట్టాను. మళ్లీ తీసి చూశాను. లైట్ హౌసుకి ఎడమ పక్కన, ఒడ్డున, కిందటేడే పూర్తయిన తెల్ల మేడ. ఇరవై అంతస్తులుంటుందేమో. లైట్ హౌసు కంటే ఎత్తుగా, ఎండ పడి మెరుస్తోంది. చోటు చాలక నేను పీకేసిన మేడల్లో అదొకటి.

దాన్ని ఇప్పుడు కట్టాలి. గొట్టం నిండిపోయి ఉంది. ఆరు చేపల్నీ ఒక్కొక్కటిగా చెరిపేశాను. ఆ జాగాలో తెల్ల మేడ లేపాను. రిమోట్ తీసుకెళ్లి అయ్య చేతిలో పెట్టాను.

"నువ్వే నడుపు."

"నాకు రాదే ఇది."

"తెప్ప నడపడం రాదేటి నీకు? ఈ పుల్ల ఎటు తోస్తే అటు ఎల్తాది. ఈ బొత్తం నొక్కితే గుండు దిగుతాది. అంతే."

చాప మీద కాదు, ఎప్పుడూ కూర్చునే మూరెడు దూరంలో కాదు, గోడకి చేరగిలబెట్టి దూరంగా కూర్చోబెట్టాను. మెల్లగా నడిపాడు. గుడి కైలాసగిరి మొన కిందకి వచ్చింది. దక్షిణానికి తిరిగాడు. కళ్లు చికిలించి, ముందుకి వంగి, తెప్పని అటూ ఇటూ జరిపి ఓ చోట ఆపాడు. కొండ పల్లంలో తెల్లటిది సరిగ్గా కూర్చుంది. బొత్తం నొక్కాడు.

గుండు బురదతో పైకొచ్చింది.

"సూసేవా?" అన్నాడు, ఓడిపోయిన మనిషి గొంతుతో. "ఇలగే. రోజూ ఇలగే."

"లైట్ హౌసు ఏదయ్యా? లేచొచ్చి సూపించు."

లేచొచ్చి పల్లంలో ఉన్న తెల్లదాని మీద వేలు పెట్టాడు. నేను ఆయన వేలు పట్టుకుని కుడి పక్కకి జరిపాను. ముఖం తెరకి ఆనేంత దగ్గరికి తెచ్చాడు. చాలాసేపు చూశాడు. ఓ కన్ను చేత్తో మూసి చూశాడు, రెండోది మూసి చూశాడు.

"రెండు తెల్లగా ఉన్నాయేటే?"

"ఒకటి లైట్ హౌసు. నువ్వు సూసింది మేడ. కిందటేడు లేచింది."

అయ్య చాప మీద కూలబడ్డాడు. "ఏడాదై నాను మేడని సూసి గుండు దించుతున్నానా?" అన్నాడు. వీరన్న ఉండుంటే మొదటి రోజే చెప్పేవాడు. పక్కన మనిషి లేక, కళ్లు మసకేశాయని ఒప్పుకోలేక, బతికున్న రాయిని చచ్చిపోయిందనుకుని ఏడాదిగా ఒక్కడే లోపల ఏడుస్తున్నాడు. నేను అదే ఇంట్లో ఉన్నాను. నాకు తెలియలేదు. దానికి నన్ను నేను క్షమించుకోవడం కష్టం.

తలెత్తాడు. "అయితే సావలేదన్నమాట" అన్నాడు. ముఖం అంతా తడి. "బతికే ఉందన్నమాటే."

"బతికే ఉంది. గాని గణేష్ ఫోనులోకి ఎక్కేసింది. కోటి ఫోనులోకీ ఎక్కుంటాది."

"తెలుసు. నెల తిరక్కుండా పేటంతా దాని మీదే ఉంటాది." కొడుకుని ఒక్క మాట అనలేదు. వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. "ఈలోపు నానొక్కపాలి ఎల్లాల. ఒక్కపాలి ఆ టక్కు వినాల నాకు."

"కళ్ల డాక్టరు దగ్గరికి ముందు ఎల్దాం."

"ఎల్దాం. అదెన్నాల్లో పడతాది." తర్వాత, ఏదో కూరలో ఉప్పు సంగతి అడిగినట్టు అడిగాడు. "ఆదివారం నువ్వేటి సేత్తన్నావు?"

"పడుకుంటాను."

"సర్లే" అన్నాడు. వెంటనే అన్నాడు. గొంతులో బతిమాలడం కూడా లేదు. నిలబడి నిలబడి నా పిక్కలు రాళ్లలా ఉన్నాయి. ఆరు రోజులు ఆ ఒక్క పొద్దు కోసమే బతుకుతాను. గుమ్మంలోంచి అమ్మ మమ్మల్నే చూస్తోంది, ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

"ఆడోల్లు తెప్పెక్కకూడదు" అంది అమ్మ, ఎవరితోనో అన్నట్టు.

నేను టీవీ ఆపేశాను. చేపల్లేని సముద్రం నల్లగా అయిపోయింది.

"ఆదివారం తెల్లారగట్ల నాలుగింటికి లేపయ్యా" అన్నాను. "తెప్పలో కూకునే గదా ఎల్తాం. కాల్లు అక్కడే సాపుకుంటాను."